రేవులో పక్క పడవలకి అడ్డం లేకుండా మన పడవ కట్టుకోవడం ఎలా

కోనసీమ లంకల్లో, యానాం కోరంగి వైపు ఒక్కో రేవులో చేపల పడవలు, కొబ్బరికాయలు గడ్డి మోసే నాటు పడవలు, జనాన్ని దాటించేవి అన్నీ కలిసే ఉంటాయి, పడవలు కట్టే రాటలేమో నాలుగైదు ఉంటే గొప్ప. కొత్తగా పడవ కొన్నవాళ్ళకి, సెలవులకి ఊరొచ్చి చుట్టాల పడవ తీసేవాళ్ళకి ఇది పనికొస్తుందని రాస్తున్నా.

మెట్లకి ఎదురుగా, పంటు (బళ్ళని, జనాన్ని దాటించే పెద్ద పడవ) ఆగే ర్యాంపు దగ్గర అస్సలు కట్టొద్దు. మనుషుల్ని, సామాన్ని దించేసి వెంటనే పక్కకి జరిపేయండి. రెండు నిమిషాలే కదా అని వదిలేసి టీకి వెళ్ళిపోతారు కొందరు, ఈలోపు ఎవరికో ఒంట్లో బాలేక తీసుకొస్తే పరిస్థితి ఏంటి, లంక ఊళ్ళలో హాస్పిటల్‌కి వెళ్ళాలన్నా పడవే దిక్కు కదా.

అన్నిటికన్నా ముఖ్యం తాడు పొడుగు. సముద్రానికి దగ్గర రేవుల్లో సుమారు ఆరేసి గంటలకి పోటు (నీళ్ళెక్కడం), పాటు (నీళ్ళు దిగడం) మారుతుంటాయి, అమావాస్యకి పౌర్ణమికి ఇంకా ఎక్కువ. పోటు మీద బిగించి కట్టారనుకోండి, పాటుకి నీళ్ళు దిగిపోయి ముందు కొస తాడుకి వేలాడుతుంది, వెనక నుంచి నీళ్ళెక్కేస్తాయి. కొంచెం వదులుంటే పక్కవాళ్ళు కూడా మీ పడవని అటు నెట్టుకుని మధ్యలోంచి ఒడ్డుకి రావచ్చు. అలాగని మరీ వదిలేస్తే అడ్డం తిరిగి దారంతా మూసేస్తుంది, ఇరుకు రేవైతే వెనక కొసకి చిన్న లంగరు వేసుకోండి. ఆ లంగరు మాత్రం స్నానాలు చేసే చోట, బట్టలుతికే చోట వద్దు, నీళ్ళ కింద కనపడదు, పిల్లల కాళ్ళకి దిగిపోతుంది. ఎక్కడ వేసినా దానికో ఖాళీ ప్లాస్టిక్ డబ్బా కట్టి తేల్చండి.

రాటకి ముందే వేరేవాళ్ళ ఉచ్చు ఉంటే దాని మీద మీది వేసి బిగించేయకండి. మీ ఉచ్చుని వాళ్ళ ఉచ్చులోంచి కింద నుంచి పైకి తీసి అప్పుడు రాటకి తగిలించండి, ఎవరు ముందు వెళ్ళినా రెండోవాళ్ళది విప్పక్కర్లేదు. ఇంత చిన్న పని తెలియక తెల్లారుజామున వేటకెళ్ళేవాళ్ళు చీకట్లో ముళ్ళు విప్పుకుంటూ పోటు పోగొట్టుకుంటారు, వాళ్ళకి ఆ రోజు కూలి పోయినట్టే.

వేరే పడవకి కట్టాల్సొస్తే అడిగి కట్టండి, ఒడ్డుకి కూడా మీ తాడు ఒకటి విడిగా ఉండాలి. పాత టైరు వేలాడేస్తే చెక్క అరగదు. ఇంకో పడవ మీంచి దాటేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకోండి, ముందు కొసకి పసుపు కుంకుమ పెట్టుకునే వాళ్ళు బోలెడుమంది, వలలు తొక్కొద్దు. ఎవరి పడవైనా జరపాల్సొస్తే ఉన్నదానికన్నా గట్టిగా కట్టి, వాళ్ళకి ఒక మాట చెప్పండి. ఇంజను షాఫ్టు (ఫ్యాను ఉండే పొడుగు కడ్డీ) పక్కకి చాచి వదలొద్దు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం కాబట్టి ఇంజను బోట్లన్నీ కాలవల్లోకే వచ్చి ఆగుతాయి. అప్పుడు రోజూ తిరిగే పడవలకి ఒడ్డు వదిలి, కదలనివి లోపలికి కట్టుకోవాలి.

వరద వేరే లెక్క. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, ఆ మాట వినపడగానే రాటల్ని నమ్ముకోవద్దు, అవి మునిగిపోతాయి. గట్టు కోసుకుపోయే చోట అంచున ఉన్న కొబ్బరిచెట్టుకి కూడా వద్దు, చెట్టుతో పాటే పడవ కొట్టుకుపోయి కింద రేవులో పడవల మీద పడుతుంది. లోపలికున్న గట్టి మానుకి పొడుగు మోకుతో కట్టి, గుర్రపుడెక్క పేరుకుంటే తీస్తూ ఉండండి, దాని బరువుకే తాడు తెగుతుంది. పడవ పక్కన పెయింటుతో మీ ఫోన్ నంబరు పెద్దగా రాయించుకోండి, రాత్రిపూట తాడు తెగినా చూసినవాళ్ళు ఫోన్ చేస్తారు.