ష్రెడర్ బొమ్మ బాగుచేత - 3వ పాఠం: వంగిన కత్తులు, బిగుసుకున్న కీళ్ళు

కిందటి పాఠంలో బొమ్మని గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్ళతో కడిగి, జిడ్డు వదిలించి నీడన ఆరబెట్టాం. కీళ్ళ సందుల్లో ఇంకా చెమ్మ తగిలితే ఈ పాఠం రేపటికి పెట్టుకోండి. ఒడిశాలోని బరంపురం, గోపాల్‌పూర్ వైపు వానాకాలంలో ఒక్క రాత్రి ఆరబెడితే చాలదు, రెండు రాత్రులు ఫ్యాను కింద ఉంచాలి. కొన్ని బొమ్మల మోకాళ్ళలో ఇనప పిన్ను ఉంటుంది. ఆ చెమ్మతో అది తుప్పు పట్టి, తెల్లటి ప్లాస్టిక్ మీద గోధుమరంగు మరక తేలుతుంది. ఆ మరకని తరవాత వదిలించడం చాలా కష్టం.

ష్రెడర్‌కి ఒంటినిండా కత్తులే. 1984లో టీనేజ్ మ్యూటెంట్ నింజా టర్టిల్స్ కామిక్స్‌లో పుట్టిన ఈ విలన్‌కి మూలం వంటింటి తురుముపీట. ఆ కామిక్స్ సృష్టికర్తల్లో ఒకడైన కెవిన్ ఈస్ట్‌మన్ దాన్ని చేతికి తొడుక్కున్న దుర్మార్గుణ్ణి ఊహించాడు, పేరూ అక్కణ్ణుంచే వచ్చింది. 1987 కార్టూన్‌తో పిల్లలందరికీ తెలిశాడు. 1988లో ప్లేమేట్స్ కంపెనీ తెచ్చిన తొలి బొమ్మ చిన్నది, కీళ్ళు కూడా కొద్ది. ఇప్పుడు పెద్దవాళ్ళు కొని దాచుకునే నెకా, సూపర్7 కంపెనీల బొమ్మలు 7 అంగుళాల కొలతవి. వీటికి కీళ్ళు ఎక్కువ, ముంజేతులకీ భుజాలకీ పిక్కలకీ కత్తుల కవచాలు. ఈ పాఠం ముఖ్యంగా వాటి కోసమే. పాత బొమ్మకైనా పద్ధతి ఇదే, చెయ్యి మాత్రం ఇంకా మెత్తగా వెయ్యాలి.

ముందు ప్లాస్టిక్ ఏదో తేల్చుకోండి

ఒకే బొమ్మలో మూడు రకాల ప్లాస్టిక్ ఉంటుంది. మూడింటికీ ఒకే మందు వెయ్యడం వల్లే బొమ్మలు విరుగుతాయి.

కత్తులు, కేప్ (వీపు మీద వేలాడే గుడ్డ) పట్టుకునే మెడ పట్టీ, చేతివేళ్ళు సాధారణంగా మెత్తని పీవీసీ. గోటితో నొక్కితే కొంచెం లొంగుతుంది. స్టీలు గ్లాసు అంచుకి తట్టి చూడండి, చప్పుడు మొద్దుగా వస్తుంది. ఛాతీ, తొడల్లాంటి గట్టి భాగాలు తరచూ ఏబీఎస్. గ్లాసుకి తగిలితే టక్కుమంటుంది, గోరు దిగదు. మూడోది కీళ్ళ లోపలి పెగ్గులు, అంటే సాకెట్ అనే గుంటలో దూరి తిరిగే మేకుల్లాంటి ముక్కలు. చాలా బొమ్మల్లో ఇవి పీవోఎం, పాలరంగులో సబ్బుముక్కలా జారుతుంటాయి. దీనికి మామూలు జిగురు సరిగ్గా అంటదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

వంగిన కత్తి

పర్లాకిమిడి కొమ్ము పనివాళ్ళు వంకర కొమ్ముని వేడి చేస్తారు, మెత్తబడగానే కావలసిన రూపానికి నొక్కి, చల్లారేదాకా అలాగే పట్టి ఉంచుతారు. పీవీసీ కత్తికి చేసేదీ ఇదే. వేడి తగ్గించి, మంట బదులు నీళ్ళు వాడతాం.

రెండు గిన్నెలు పెట్టుకోండి. ఒకదాంట్లో అర లీటరు నీళ్ళు మరిగించి, పొయ్యి మీంచి దించి 3 నిమిషాలు ఆగండి. అప్పటికి వేడి 80 డిగ్రీల సెల్సియస్‌కి దగ్గరగా ఉంటుంది. వంటింటి థర్మామీటర్ ఉంటే 75-80 మధ్య చూసుకోండి. పీవీసీ ఆ వేడికి లొంగుతుంది. ఏబీఎస్ మెత్తబడాలంటే సుమారు 100 డిగ్రీలు కావాలి, కాబట్టి కవచం పాడవదు. రెండో గిన్నెలో ఐసు ముక్కలు వేసిన నీళ్ళు. కేప్ ముందే తీసి పక్కన పెట్టండి.

ఇప్పుడు వంగిన కత్తి మాత్రమే మునిగేలా బొమ్మని తలకిందులుగా పట్టుకుని 20 సెకన్లు ఉంచండి. చేత్తో అస్సలు వంచకండి, ఊరికే చూడండి. తనంతట తానే నిటారుగా లేస్తే అది పెట్టెలో నలిగి వంగిన కత్తి. అచ్చులో తీసుకున్న రూపానికి వేడి తగలగానే మళ్ళీ తిరిగొస్తుంది. అలాంటిదాన్ని నేరుగా ఐసు నీళ్ళలో అర నిమిషం ముంచితే పని అయిపోతుంది.

లేవకపోతే అచ్చులోంచి వేడిగా ఉండగానే తీసేసిన కత్తి అనుకోవాలి, దాని అసలు రూపమే వంకర. ఇంకో 15 సెకన్లు వేడి నీళ్ళలో ఉంచి, రెండు వేళ్ళతో నిటారు కన్నా కాస్త అవతలి వైపుకి వంచి, వదలకుండా ఐసు నీళ్ళలో పూర్తిగా ఒక నిమిషం పట్టుకోండి. చాలామంది 10 సెకన్లకే వదిలేస్తారు. పైన చల్లబడినట్టే ఉంటుంది, లోపల మెత్తగానే ఉంటుంది, సాయంత్రానికి మళ్ళీ వంగిపోతుంది. అవతలి వైపుకి వంచిన కొద్దిపాటి వంపు రాత్రి తెల్లారేసరికి సర్దుకుంటుంది. అప్పటికీ సరిపోకపోతే మళ్ళీ చెయ్యొచ్చు, మూడుసార్లదాకా నష్టం లేదు.

వెండి పూత ఉన్న కత్తులకి ఒక హెచ్చరిక. నీళ్ళు మరుగుతుండగా ముంచితే పూత కింద సన్నటి పగుళ్ళు వచ్చి వెండి రంగు చేప పొలుసుల్లా లేస్తుంది. హెయిర్ డ్రయ్యర్ వాడితే ఒకచోటే వేడి నిలిచి కత్తి కొన మరీ మెత్తబడి రూపు చెడొచ్చు. నీళ్ళే మేలు.

మే నెలలో రేకుల ఇంటి అటక మీద ఈ బొమ్మల్ని పెట్టకండి. అక్కడి వేడికి పని మన ప్రమేయం లేకుండానే జరిగిపోతుంది, కావలసిన దిక్కులో మాత్రం కాదు.

బిగుసుకున్న కీలు

మోచెయ్యి తిరగకపోతే దానికి రెండు కారణాలు. ఒకటి, రంగు ఆరకముందే జోడించడం వల్ల పెగ్గూ సాకెట్టూ రంగుతో అతుక్కోవడం. రెండు, మెత్తని పీవీసీ సాకెట్ నెలల తరబడి పెగ్గుని పట్టేసి ఉండటం. ఏదో తెలియకుండా తిప్పితే మొదట కనిపించేది పెగ్గు మొదట్లో తెల్లటి గీత. ఆ గీత కనిపించగానే ఆపండి. ఇంకో పావు చుట్టు తిప్పితే పెగ్గు విరుగుతుంది.

కీలు పక్కన రంగు పొర పల్చగా గీసుకుపోయి ఉంటే రంగు అంటుకున్నట్టు. బొమ్మని జిప్ కవర్లో పెట్టి ఫ్రీజర్లో 25 నిమిషాలు ఉంచండి. పెగ్గూ సాకెట్టూ వేర్వేరుగా కుంచించుకుని రంగు పట్టు తెగుతుంది. బయటికి తీశాక వెంటనే గట్టిగా తిప్పకండి, చల్లటి ప్లాస్టిక్ పెళుసు. ఇటు కొంచెం, అటు కొంచెం కదుపుతూ చిటుకుమనే చప్పుడు కోసం చూడండి.

రంగు గుర్తు లేకపోతే సాకెట్ వైపు వేడి. ఇందాకటి 80 డిగ్రీల నీళ్ళే, 40 సెకన్లు. సాకెట్ మెత్తబడి వదులవుతుంది, గట్టి పెగ్గు మారదు. తుడిచి, పెగ్గుకి పైనా కిందా దగ్గరగా పట్టుకుని తిప్పండి. దూరంగా చేతివేళ్ళ దగ్గర పట్టుకుంటే బలమంతా మధ్యలోని సన్నటి పెగ్గు మీద పడుతుంది.

కదిలాక నూనె. కొబ్బరినూనె వద్దు, చలికాలంలో గడ్డకట్టి ధూళిని పట్టేస్తుంది, కంపు కూడా. కుట్టుమిషను నూనె ఇంకా ప్రమాదం, ఒత్తిడిలో ఉన్న ఏబీఎస్‌ని అది మెల్లగా పగలగొడుతుంది. సిలికోన్ నూనె ఒక్కటే వాడాలి. డబ్బా స్ప్రే దొరికితే సీసా మూతలోకి కొట్టి, పళ్ళపుల్ల కొనతో ఒక్కో కీలుకి అర చుక్క. రంగు వెయ్యబోయే చోట మాత్రం తగలనివ్వకండి. సిలికోన్ ఉన్నచోట రంగు నిలవదు, చిన్న చిన్న గుంటలు పడుతుంది.

వదులు కీలుకి నీటితో కలిసే యాక్రిలిక్ వార్నిష్‌ని పెగ్గు మీద ఒక పల్చటి పూత పూసి, ఆరేదాకా మధ్యమధ్య కదుపుతూ ఉంటే చాలు. ఫెవికాల్ కూడా పనిచేస్తుంది గానీ తీరం ఊళ్ళలో వానాకాలానికి మళ్ళీ మెత్తబడుతుంది. గోళ్ళ రంగు పూయకండి, అందులోని ద్రావకం ఏబీఎస్‌ని కరిగిస్తుంది.

పెగ్గు విరిగితే

జాగ్రత్తపడినా ఒక్కోసారి విరుగుతుంది. ఇన్‌స్టంట్ గమ్‌తో అతికించబోకండి. పెగ్గు పీవోఎం అయితే గమ్ మర్నాడు పొరలా ఊడొస్తుంది. పైగా దాని ఆవిరి పక్కనున్న వెండి పూత మీద పేరుకుని తెల్లబారుతుంది.

చేయాల్సింది లోపల తీగ దిగ్గొట్టడం. 1 మిల్లీమీటరు డ్రిల్ బిట్, వేళ్ళతో తిప్పే చిన్న పిడి, ఒక పేపర్ క్లిప్, రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు ఉంటే సరి. విరిగిన ఒక ముఖం మధ్యలో రంగు చుక్క పెట్టి రెండో ముఖానికి అద్దండి, రెండు వైపులా కేంద్రం ఒకటే అవుతుంది. చేత్తో మెల్లగా ఒక్కో వైపు 4 మిల్లీమీటర్ల లోతు తొలచండి. కరెంటు డ్రిల్ వాడితే వేడికి ప్లాస్టిక్ కరిగి బిట్‌కి చుట్టుకుంటుంది. క్లిప్ తీగని 8 మిల్లీమీటర్లు కత్తిరించి ఇసుక కాగితంతో గరుకు చెయ్యండి, నున్నటి తీగ జిగురులో తిరుగుతుంది. ఎపాక్సీ రెండు ట్యూబులూ సమానంగా కలిపి, రంధ్రంలో పుల్లతో నింపి, తీగ దింపి, రెండు ముక్కలూ కలపండి. పైకి పొంగిన జిగురు గట్టిపడకముందే తుడవాలి, లేకపోతే కీలు సాకెట్లో పట్టదు. 24 గంటలు ముట్టుకోకండి.

కేప్‌కి బరంపురం పట్టు ముక్క వాడదామనే ఉబలాటం చాలామందికి ఉంటుంది. ఊదారంగు కుదురుతుంది, నిజమే. కానీ 7 అంగుళాల బొమ్మ మీద జరీ అంచు గుడారంలా నిలబడుతుంది. పాత నూలు పంచె ముక్కకి రంగు వేసుకుంటే ఒంటికి జారుతుంది. దాని కత్తిరింపు 5వ పాఠంలో. 4వ పాఠంలో కత్తులకి వెండి రంగు వేస్తాం. ఈలోగా ఒక పాత బొమ్మ చెయ్యో, విరిగిన ప్లాస్టిక్ చెంచాయో తీసుకుని తీగ దింపడం రెండుసార్లు చేసి చూసుకోండి. ఎపాక్సీ పూర్తిగా గట్టిపడని చోట రంగు అంటుకోదు, కాబట్టి ఈ పాఠానికీ 4వ పాఠానికీ మధ్య కనీసం రెండు రోజులు ఉంచండి.