పాత ఇటుక గోడకు సిమెంట్ పుయ్యకండి: వానలు దిగేలోపు చూసుకోవాల్సినవి

మొన్న గాలివాన కొట్టిన రాత్రి ఇచ్ఛాపురంలో మా వెనక వీధిలో ఒక పాత పెంకుటింటి పడమటి గోడ కూలిపోయింది. పోయినేడే ఆ గోడకి సిమెంట్ ప్లాస్టరింగ్ చేయించి, పైన ఖరీదైన రంగు కొట్టించారు. పొద్దున్నే వెళ్లి చూస్తే సిమెంట్ పెచ్చు పెద్ద పెద్ద పలకలుగా పడి ఉంది, రంగు కూడా పోలేదు. దాని వెనక ఇటుకలు మాత్రం చేత్తో నలిపితే పొడైపోతున్నాయి, ఇటుకల మధ్య మట్టి అడుసు అప్పుడే కలిపినంత తడిగా ఉంది. ఆ గోడ పక్కనే మంచం వేసుకునే పెద్దాయన ఆ రాత్రి బరంపురంలో కూతురింట్లో ఉన్నారు కాబట్టి బతికిపోయారు.

అందరూ వానని తిట్టారు. నన్నడిగితే తిట్టాల్సింది ఆ సిమెంట్‌ని.

నిచ్చెన గట్టిగా పట్టుకోండి, పరంజా చూసుకుని ఎక్కండి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. మన వైపు, అంటే సోంపేట, మందస, ఇచ్ఛాపురం, అవతల పర్లాకిమిడి, బరంపురం దాకా, పాత ఇళ్లు చాలావరకు నాటు ఇటుకతో, మట్టి అడుసుతోనో సున్నంతోనో కట్టినవే. ఆ గోడలు వానకి కొంచెం తడుస్తాయి, ఎండకి ఆరిపోతాయి, అలా ఎన్నో తుఫాన్లు చూశాయి. సిమెంట్ పూతకి ఆ గుణం లేదు. పైకి గట్టిగానే ఉంటుంది కానీ గోడ కదిలితే దానితోపాటు కదలదు, సన్నగా వెంట్రుకవాసి బీటలిస్తుంది, ఆ బీటల్లోంచి నీళ్లు లోపలికి పోతాయి, బయటికి రావడానికి దారుండదు. కిందనుంచి ఎక్కే చెమ్మ కూడా అంతే, సిమెంట్ దాకా వచ్చి ఆగిపోయి ఇంకా పైకి పాకుతుంది. చెమ్మతో వచ్చిన ఉప్పు ఇటుక లోపలే గడ్డకట్టి, దాని ముఖాన్ని పొరలు పొరలుగా ఊడగొడుతుంది. అప్పుడు లోపలి గోడ పోయి, సిమెంట్ పెంకు మాత్రమే నిలబడి ఉంటుంది.

మీ గోడ ఏదో తెలుసుకోవడం కష్టం కాదు. పెచ్చు ఊడిన చోట ఇటుకల సందులోంచి గోళీకాయంత ముద్ద తీసి గాజు గ్లాసు నీళ్లలో వెయ్యండి. కాసేపట్లో కరిగి నీళ్లు బురదగా మారితే అది మట్టి అడుసు. ముద్ద అలాగే ఉండి, మేకుతో గీస్తే తెల్లగా పొడి రాలితే సున్నం. మేకు గీత కూడా పడకపోతే సిమెంట్. మొదటి రెండింట్లో ఏదైనా సరే, ఆ గోడకి సిమెంట్ వద్దు.

ఇప్పుడు చెయ్యాల్సింది

మే నెల నడుస్తోంది, జూన్ రెండో వారం ప్రాంతంలో ఋతుపవనాలు వచ్చేస్తాయి. ఇప్పుడు పూత పని మొదలుపెట్టకండి. సున్నం గట్టిపడటానికి టైం పడుతుంది, ఆరకముందే వాన పడితే కారిపోతుంది. అక్టోబరు, నవంబరు తుఫాన్ల సంగతి చెప్పక్కర్లేదు, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఏమైందో అందరం చూశాం. పూత పనికి సంక్రాంతి వెళ్లాక ముహూర్తం పెట్టుకోండి. ఈ నెలలో చెయ్యాల్సిందల్లా గోడ మీదకి నీళ్లు రాకుండా చూడటమే.

చూరు ముందు చూడండి. మా వీధిలో పెంకులు తీసేసి రేకులు వేసినవాళ్లు చాలామంది రేకుని గోడ దాటి జానెడు కూడా వదల్లేదు, వాన నీళ్లన్నీ గోడ మీదే కారతాయి. తర్వాత గోడ పాదం. సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరిగి పాత ఇళ్ల అరుగులు రోడ్డుకన్నా కిందికి పోయాయి, వీధి నీళ్లు వచ్చి గోడ మొదట్లో నిలుస్తున్నాయి. పెరట్లో గోడని ఆనించి సిమెంట్ చేయించి ఉంటే అడుగు వెడల్పున పగలగొట్టి కంకర నింపండి, నేలకి ఊపిరాడుతుంది.

గోడ బీటలుంటే చివర్ల దగ్గర పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. గీత దాటి పెరుగుతున్న బీటని పూతతో కప్పెయ్యడం తగదు, ఇంజినీరుని పిలవండి.

పనిలోకి దిగాక

సందులు గీకడానికి ఉలి, సుత్తి చాలు. అంగుళం లోతు పోనిచ్చి, దుమ్ము దులిపి, తడిపి, సున్నం ఒకటికి ఇసుక మూడు పాళ్లతో నింపించండి. గ్రైండర్ పెట్టనివ్వకండి. నాటు ఇటుకకి బట్టీలో కాలిన పైపొరే బలం, గ్రైండర్ దాన్ని గీకి పారేస్తుంది, పైగా ఆ ఎర్ర దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో దిగితే మళ్లీ బయటికి రాదు. తువ్వాలు చుట్టుకుంటే ఆగే దుమ్ము కాదది, ఎన్95 మాస్క్ కావాలి, గోడ తడిపి గీకాలి.

మేస్త్రీ దగ్గర ఒక మాట వినిపిస్తుంది: "సున్నంలో పిడికెడు సిమెంట్ కలుపుదాం బాబూ, తొందరగా పట్టేస్తది." వద్దనండి. ఆయన చెడ్డవాడు కాదు, సాయంత్రానికి పని గట్టిపడి కనిపించాలని ఆయన తొందర. సున్నం పూతకి నాలుగు రోజులు తడి గోనెలు కట్టి నీడ ఇవ్వాలి, ఆ ఓపిక ఎవరికీ ఉండట్లేదు.

ఇప్పటికే సిమెంట్ పూసేసినవాళ్లు కంగారుపడి మొత్తం ఒక్కసారే పగలగొట్టకండి, ఇటుక ముఖం కూడా ఊడొస్తుంది. వేళ్లతో తట్టి డొల్లగా మోగిన చోట మాత్రమే చేత్తో తీయించి, ముఖ్యంగా కింద మూడడుగులు, ఒక వేసవంతా ఆరనివ్వండి. గట్టిగా పట్టుకున్నదాన్ని కదపకండి.

ఇక మిగతావి, ఒకదాని వెనక ఒకటి చెప్పేస్తున్నా.

సముద్రపు ఇసుక దగ్గరే ఉంది కదా అని తేవద్దు, అందులో ఉప్పుంది. చెమ్మ గోడకి టైల్స్ అతికించడం, వాటర్‌ప్రూఫ్ కోటింగ్ కొట్టించడం, ఎనామిల్ వెయ్యడం అన్నీ సిమెంట్ పూతకి చుట్టాలే, వద్దు. ఇటుక ఎర్రగా మెరవాలని యాసిడ్ పొయ్యకండి. యాసిడ్‌లో బ్లీచింగ్ అసలు కలపకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసిన గదిలో ప్రాణం మీదకి తెస్తుంది. గుల్ల సున్నం ప్లాస్టిక్ బకెట్‌లో నానబెట్టకండి, మరిగి బకెట్ కరిగిపోతుంది. ఇనప డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, సున్నం కొద్దికొద్దిగా వెయ్యాలి, సున్నం మీద నీళ్లు పొయ్యకూడదు. కళ్లద్దాలు లేకుండా దాని దగ్గరికి ఎవర్నీ రానివ్వద్దు. కంట్లో పడితే నలపకుండా మంచినీళ్లతో కనీసం 20 నిమిషాలు కడిగి ఆస్పత్రికి పరిగెత్తండి. పాత రంగు పొడిగా గీకకండి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, అంతకుముందు కొట్టిన రంగుల్లో ఎంతుందో చెప్పలేం. గర్భిణులు, చిన్నపిల్లలు ఆ రోజుల్లో ఇంకో ఇంట్లో ఉండాలి. కరెంటు మెయిన్ ఆఫ్ చెయ్యకుండా గోడలో ఉలి దించొద్దు. కూల్చిన ఇటుకల గుట్టలో ఉత్త చెయ్యి పెట్టొద్దు, తేళ్లు, కట్లపాములు అక్కడే చేరతాయి. కిటికీ పెద్దది చేస్తామని దూలం కింద ఇటుక తీయించాలంటే ముందు రెండు వైపులా సరుగుడు కర్రలతో సపోర్టులు పెట్టాలి, కర్రల కింద మందపాటి చెక్క వెయ్యాలి, కొత్త లింటెల్ (కిటికీ పైన వేసే అడ్డ దూలం) బలం పుంజుకునేదాకా ఆ గదిలో ఎవరూ పడుకోకూడదు. "ఒక్క పూట పనే" అంటే వినొద్దు. ఎవరు బస్తా తెచ్చినా ఆ గోడకి సిమెంట్ వద్దు. ప్రహరీకీ వద్దు. నుయ్యి గట్టుకీ వద్దు, ఇప్పటికే పూసి ఉంటే పిల్లల్ని దాని మీద కూర్చోనివ్వకండి.