అమెరికా పౌరులు విదేశాల నుంచి ఓటు వేయాలంటే: పోస్టల్ బ్యాలెట్‌కు దరఖాస్తు విధానం

అమెరికా పౌరసత్వం ఉండి ఆ దేశం బయట నివసిస్తున్న వారికి అక్కడి ఓటు హక్కు అలాగే ఉంటుంది. వచ్చేసి ఇరవై ఏళ్లు దాటినా, అక్కడ సొంతమంటూ ఏ ఆస్తీ మిగలకపోయినా సరే, అధ్యక్షుడి ఎన్నికతో పాటు సెనేట్, ప్రతినిధుల సభ ఎన్నికల్లో పోస్టల్ బ్యాలెట్ ద్వారా ఓటు వేయవచ్చు. 1986 నాటి ఫెడరల్ (అంటే దేశమంతటికీ వర్తించే, కేంద్ర స్థాయి) చట్టం, దాన్ని బలపరుస్తూ 2009లో వచ్చిన మరో చట్టం ఈ హక్కుకు ఆధారం. అయితే బ్యాలెట్ దానంతట అది ఇంటికి నడిచి రాదు. అడిగినవారికే పంపుతారు. అదీ ఏటా అడగాలి. గత ఎన్నికల్లో వచ్చింది కదా, ఈసారీ వస్తుందిలే అని ఊరుకున్నవారికి అక్టోబరు చివర్లో గానీ విషయం తెలియదు.

ఎవరికి ఓటు ఉంది

పోలింగ్ నాటికి 18 ఏళ్లు నిండిన అమెరికా పౌరులకు మాత్రమే. గ్రీన్ కార్డు ఉన్నా, హెచ్-1బీ వీసాపై ఎన్నేళ్లు పనిచేసినా ఓటు లేదు. పౌరులు కానివారు ఫెడరల్ ఎన్నికల్లో ఓటు వేయడం నేరం, దేశం నుంచి పంపించివేసే పరిస్థితి కూడా రావచ్చు. కాబట్టి కుటుంబంలో ఒకరు పౌరులై, మరొకరు గ్రీన్ కార్డు మీదే ఉంటే ఫారం ఒక్కరిదే నింపాలి. ఓసీఐ కార్డుతో (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే కార్డు) భారతదేశంలో ఉంటున్న అమెరికా పౌరులకు ఇక్కడ ఓటు లేదు, అక్కడ ఉంది.

తెలుగు కుటుంబాల్లో తరచూ వచ్చే ప్రశ్న పిల్లల గురించి. తల్లిదండ్రులు అక్కడ ఉద్యోగాలు చేస్తున్నప్పుడు పుట్టి, చిన్నతనంలోనే ఇండియాకు వచ్చేసిన పిల్లలు పుట్టుకతోనే అమెరికా పౌరులు. 18 నిండగానే వారూ దరఖాస్తు చేసుకోవచ్చు. దేశం వదిలే ముందు కుటుంబంతో కలిసి ఉన్న ఇంటి చిరునామాయే వారి ఓటు చిరునామా అవుతుంది. అమెరికాలో ఎప్పుడూ నివసించని పౌరుల సంగతి వేరు. పౌరులైన తల్లి లేదా తండ్రి చివరగా ఉన్న చిరునామా మీద ఓటు వేయడానికి చాలా రాష్ట్రాలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. సంబంధిత రాష్ట్ర ఎన్నికల కార్యాలయాన్ని ముందే అడిగి తెలుసుకోవాలి.

ఏ రాష్ట్రంలో

దేశం వదిలి రాకముందు చివరగా నివాసమున్న ఇల్లు ఏ రాష్ట్రంలో ఉందో, అక్కడే ఓటు. ఆ ఇంట్లో ఇప్పుడు వేరెవరో ఉన్నా ఫర్వాలేదు. అన్నయ్య ఉంటున్న రాష్ట్రమని, పెట్టుబడికి ఇల్లు కొన్న రాష్ట్రమని, పోటీ హోరాహోరీగా ఉన్న రాష్ట్రమని నచ్చినచోటు ఎంచుకోవడం కుదరదు. ఇంటి నంబరు గుర్తులేకపోతే పాత డ్రైవింగ్ లైసెన్సు, పన్ను రిటర్నులు, బ్యాంకు ఉత్తరాలు వెతకండి. పోస్టాఫీసు బాక్సు నంబరును నివాస చిరునామాగా తీసుకోరు.

దేశమంతటికీ ఒకే ఎన్నికల సంఘం ఉండే పద్ధతి మనకు అలవాటు. అక్కడ ఎన్నికలు నడిపేది రాష్ట్రాలు, వాటి కింద ఎక్కువచోట్ల కౌంటీ (మన జిల్లా లాంటిది) స్థాయి కార్యాలయాలు. గడువులు, నియమాలు రాష్ట్రానికొక తీరు. ఉత్తర డకోటాలోనైతే ఓటరు నమోదు అన్నదే లేదు. అందువల్ల మరో రాష్ట్రం నుంచి వచ్చిన స్నేహితుడు చెప్పిన గడువును మీదిగా భావించవద్దు.

ఫారం నింపడం

కావలసిన ఫారం పేరు ఫెడరల్ పోస్ట్ కార్డ్ అప్లికేషన్, క్లుప్తంగా ఎఫ్‌పీసీఏ. ఓటరుగా నమోదుకు, బ్యాలెట్ కోరడానికి ఈ ఒక్కటే చాలు. విదేశాల్లోని సైనికులకు, సాధారణ పౌరులకు ఓటు విషయంలో సాయపడేందుకు అమెరికా రక్షణ శాఖ నడిపే ఎఫ్‌వీఏపీ డాట్ గవ్ వెబ్‌సైటులో ఇది ఉచితంగా దొరుకుతుంది. రాష్ట్రం, కౌంటీ ఎంచుకుంటే అక్కడి గడువులు, ఫారం పంపవలసిన చిరునామా కూడా అందులోనే కనిపిస్తాయి. కంప్యూటర్‌లో నింపి, ప్రింటు తీసి, పెన్నుతో సంతకం చేసి మీ స్థానిక ఎన్నికల కార్యాలయానికి పంపాలి. స్కాన్ చేసి ఈమెయిల్‌లో పంపితే చాలా రాష్ట్రాలు తీసుకుంటాయి. కాగితమే పోస్టులో రావాలనేవీ ఉన్నాయి.

మనవాళ్లు జాగ్రత్తపడవలసిన గడులు కొన్ని ఉన్నాయి. మొదటిది పేరు. ఇంటిపేరు ముందు రాసే అలవాటు వల్ల, ఒక పత్రంలో ఇంటిపేరు పొడి అక్షరంగా, మరో పత్రంలో పూర్తిగా ఉండటం వల్ల తికమక వస్తుంది. అక్కడి రికార్డుల్లో, అంటే పాత ఓటరు నమోదులోనో డ్రైవింగ్ లైసెన్సులోనో, ఎలా ఉందో అలాగే రాయండి. రెండోది తేదీ. అక్కడ నెల ముందు, రోజు తరువాత. ఏప్రిల్ 7 అనుకుని 7/4 అని రాస్తే వాళ్లు జులై 4 అని చదువుకుంటారు. గుర్తింపు కోసం డ్రైవింగ్ లైసెన్సు నంబరు గానీ, సోషల్ సెక్యూరిటీ నంబరులోని చివరి నాలుగు అంకెలు గానీ అడుగుతారు. పార్టీలు తమ అభ్యర్థులను ఎంచుకునే ప్రైమరీ ఎన్నికల్లోనూ ఓటు వేయాలనుకుంటే పార్టీ పేరు రాయవలసి రావచ్చు.

తిరిగి వెళ్లే ఉద్దేశం ఉందా, లేక ఇంకా తేల్చుకోలేదా అన్న ప్రశ్నకు ఉన్నదున్నట్టు జవాబివ్వండి. తేల్చుకోలేదన్నవారికి కొన్ని రాష్ట్రాలు ఫెడరల్ పదవుల బ్యాలెట్ మాత్రమే పంపుతాయి. ఓటు వేస్తే పన్ను నోటీసు వస్తుందేమోనన్న భయం చాలామందిలో ఉంది. ఫెడరల్ పదవులకు మాత్రమే ఓటు వేసినందుకు మిమ్మల్ని ఆ రాష్ట్ర నివాసిగా లెక్కగట్టి పన్ను వేయడానికి చట్టం ఒప్పుకోదు. గవర్నరు, మేయరు వంటి పదవులకూ ఓటు వేస్తే మాత్రం కొన్ని రాష్ట్రాల్లో పన్ను విషయంలో తేడా రావచ్చు. అలాంటి సందేహం ఉంటే పన్ను సలహాదారుణ్ణి అడగడం మేలు.

బ్యాలెట్ ఎలా అందుకోవాలి అన్నచోట ఈమెయిల్ లేదా ఆన్‌లైన్ అనే ఎంచుకోండి. ఖాళీ బ్యాలెట్‌ను ఇలా పంపే సౌకర్యం ప్రతి రాష్ట్రమూ కల్పించాలని 2009 చట్టం చెబుతోంది. పోస్టులో ఒకవైపు ప్రయాణం తప్పినా ఎన్నో రోజులు కలిసివస్తాయి.

బ్యాలెట్ వచ్చాక

సకాలంలో కోరినవారికి ఫెడరల్ ఎన్నికకు కనీసం 45 రోజుల ముందు బ్యాలెట్ పంపి తీరాలి. 2026లో పోలింగ్ నవంబరు 3న కాబట్టి సెప్టెంబరు 19 లోపు పంపాలి. ఆ రోజుల్లో స్పామ్ ఫోల్డరు కూడా చూస్తూ ఉండండి. కౌంటీ కార్యాలయం నుంచి వచ్చే ఈమెయిల్ అందులో పడి ఉండవచ్చు.

గుర్తులు పెట్టిన బ్యాలెట్‌ను లోపలి కవరులో ఉంచి, ప్రమాణపత్రం మీద సంతకం చేయాలి. సంతకం లేకపోయినా, రికార్డుల్లోని దానితో పోలకపోయినా బ్యాలెట్‌ను తిరస్కరించే అవకాశం ఉంది. సాక్షి సంతకం కావాలనే రాష్ట్రాలూ ఉన్నాయి. కొన్ని రాష్ట్రాలు ఈమెయిల్, ఫ్యాక్స్ లేదా తమ వెబ్‌సైటు ద్వారా తిరిగి పంపనిస్తాయి. అలా పంపేటప్పుడు ఓటు గోప్యతను వదులుకుంటున్నట్టు రాసివ్వవలసి రావచ్చు. మిగిలినవాటికి పోస్టే దారి. హైదరాబాద్‌ సహా ఆయా నగరాల్లోని అమెరికా కాన్సులేట్లు, రాయబార కార్యాలయాలు తపాలా ఖర్చు చెల్లించినట్టు ముద్రించిన కవర్లలోని బ్యాలెట్లను తీసుకుని అమెరికా పంపుతాయి. కానీ చేరడానికి వారాలు పట్టవచ్చు, వెళ్లే ముందు వేళలు కనుక్కోవాలి. అదే కవరును మన తపాలా పెట్టెలో వేస్తే చెల్లదు, అంతర్జాతీయ స్టాంపులు అంటించాలి. సమయం తక్కువగా ఉంటే సొంత ఖర్చుతో కొరియర్ చేసుకోవచ్చు. పోలింగ్ రోజుకు చేరాలా, ఆ రోజు లోపు పోస్టు చేసినట్టు ముద్ర ఉంటే చాలా అన్నది మీ రాష్ట్రం నియమాన్ని బట్టి ఉంటుంది.

పోటీ దగ్గరగా ఉంటేనే ఇలాంటి ఓట్లు లెక్కిస్తారన్న మాట వినబడుతూ ఉంటుంది, అది నిజం కాదు. గడువులోపు సక్రమంగా అందిన ప్రతి బ్యాలెట్‌నూ లెక్కిస్తారు. 2000లో ఫ్లోరిడాలో, తద్వారా దేశాధ్యక్ష పదవిలో, గెలుపు తేల్చిన తేడా 537 ఓట్లు.

బ్యాలెట్ రాకపోతే

దరఖాస్తు చేసినా, పోలింగ్‌కు నెల రోజులే ఉన్నా బ్యాలెట్ అందలేదంటే ఎదురుచూస్తూ కూర్చోవద్దు. అదే వెబ్‌సైటులో ఫెడరల్ రైట్-ఇన్ ఆబ్సెంటీ బ్యాలెట్ ఉంటుంది. అభ్యర్థి పేరో, పార్టీ పేరో మీరే రాసి, సంతకం చేసి పంపే అత్యవసర బ్యాలెట్ ఇది. పంపిన తరువాత అసలు బ్యాలెట్ వచ్చిందనుకోండి, దాన్నీ నింపి పంపాలి. రెండుసార్లు ఓటు వేసినట్టవుతుందని బెంగపడనక్కర్లేదు. అసలు బ్యాలెట్ గడువులోపు అందితే దాన్నే లెక్కిస్తారు, అత్యవసర బ్యాలెట్‌ను పక్కన పెడతారు. మీ బ్యాలెట్ చేరిందో లేదో రాష్ట్ర ఎన్నికల వెబ్‌సైటులో చూసుకోవచ్చు. ఇల్లు మారినా, ఈమెయిల్ మారినా కొత్త ఎఫ్‌పీసీఏ పంపాలి. ఏమీ మారకపోయినా ఏటా జనవరిలో ఒకటి పంపమనే ఎఫ్‌వీఏపీ సలహా ఇస్తుంది.