స్వాట్ పట్టిక నిండింది, ప్రణాళిక కదలడం లేదు: ఎక్కడ వెతకాలి?

పీజీ కోర్సుకు ఐదేళ్ల ప్రణాళిక రాయడానికి కూర్చున్న విభాగానికి స్వాట్ పట్టికలోని నాలుగు గడులు, అంటే బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు, ఏమిటో మళ్లీ చెప్పనవసరం లేదు. ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్‌కు ఇచ్చే స్వయం అధ్యయన నివేదికలో ముప్పుల స్థానంలో సవాళ్లు అని ఉంటుంది గాని పని అదే. నాలుగు గడులూ నిండాక కూడా నిర్ణయం ఏదీ తేలకపోతే కింది వరుసలో చూసుకుంటూ రావాలి.

లక్షణం: పట్టిక ఏ కోర్సుకైనా అతుకుతుంది

కారణం: పైన ప్రశ్న రాయలేదు. ఇది మొట్టమొదట చూడవలసిన విషయం. ఎన్నిసార్లు చెప్పినా దాదాపు అందరూ దాటవేసేదీ ఇదే. ఏ కోర్సు, ఎన్నేళ్లకు, ఎవరితో పోల్చి అన్న మూడూ తేలకుండా రాస్తే ‘తిరుపతిలో ఉండటం’ బలాల్లో చేరిపోతుంది. 1954 నాటి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికీ, 1983లో వచ్చిన మహిళా విశ్వవిద్యాలయానికీ, 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్‌లకూ ఉన్నది ఆ తిరుపతే కదా. పోటీదారులందరికీ సమానంగా ఉన్నదాన్ని బలాల నుంచి కొట్టివేయాలి.

లక్షణం: వ్యూహాల పేజీలో అవకాశాల గడే మళ్లీ కనిపిస్తుంది

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పట్టిక చూడటానికి శుభ్రంగా ఉంటుంది, సమావేశంలో ఎవరూ అభ్యంతరం చెప్పరు, కాబట్టి ఈ లోపం ఏడాది గడిచేదాకా బయటపడదు.

ఫుడ్ టెక్నాలజీ కోర్సునే తీసుకుందాం. అవకాశాల గడిలో ‘మామిడి గుజ్జు పరిశ్రమలతో ఒప్పందాలు కుదుర్చుకోవడం’ అని రాస్తారు. అది మనం చేయదలచుకున్న పని, అంటే వ్యూహం. అవకాశం అనేది మన ప్రమేయం లేకుండా బయట ఉండేది. పనిని అవకాశంగా రాసినప్పుడు, ఆ పనికి ఆధారమైన బయటి పరిస్థితి నిజంగా ఉందో లేదో ఎవరూ పరిశీలించరు.

పరీక్ష సులువైనదే. ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ‘మన కోర్సు రేపే మూతపడితే ఇది మిగిలి ఉంటుందా?’ అని అడగాలి. ఒప్పందాలు మిగలవు, చిత్తూరు ప్రాంతంలో తోతాపురి తోటలూ, వాటి మీద ఆధారపడిన గుజ్జు ఫ్యాక్టరీలూ మిగులుతాయి. అందుచేత గడిలో రాయవలసింది ఆ ఫ్యాక్టరీల గురించి: అవి ఎక్కడెక్కడ ఉన్నాయి, ఏ నెలల్లో నడుస్తాయి, ఎలాంటి పనివారి కోసం చూస్తున్నాయి. ఇలా రాయడం మొదలుపెట్టగానే తోతాపురి గుజ్జు పని జూన్, జూలై నెలల్లో జోరుగా సాగుతుందన్న సంగతి కాగితం మీదికి వస్తుంది. ఇంటర్న్‌షిప్‌ను డిసెంబరులో పెట్టుకుంటే విద్యార్థికి కనిపించేది ఆగిపోయిన మామిడి లైను మాత్రమే. కాబట్టి ఒప్పందం కంటే ముందు పాఠ్యప్రణాళికను ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో మార్చవలసింది ఇంటర్న్‌షిప్ కాలం.

లక్షణం: ముప్పుల జాబితా పొడుగు, బలహీనతల జాబితా పొట్టి

కారణం: మన చేతిలో లేనిదంతా బయటిదే అనుకోవడం. అధ్యాపక పోస్టుల ఖాళీ మన కోర్సులోని లోటు, కనుక బలహీనత. నియామకాలు ఎప్పుడు జరుగుతాయో తెలియకపోవడం ముప్పు. రెండింటినీ విడివిడిగా రాయాలి, ఎందుకంటే మొదటిదానికి అతిథి అధ్యాపకులతో ఏదో ఒక ఏర్పాటు చేసుకోవచ్చు, రెండోదాన్ని లెక్కలోకి తీసుకుని ఐచ్ఛిక పేపర్ల సంఖ్యను నిర్ణయించుకోవలసి ఉంటుంది. ‘విద్యార్థుల్లో ఆసక్తి తగ్గడం’ అన్న వాక్యాన్ని మాత్రం అలాగే వదలకూడదు. అడ్మిషన్లు మన దగ్గరే తగ్గాయా, ఈ సబ్జెక్టులో అంతటా తగ్గాయా అన్నది చూశాకే గడి నిర్ణయించాలి.

లక్షణం: అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఎంపిక మాత్రం జరగలేదు

నాలుగు జాబితాలను పక్కపక్కన పెట్టి ఆపేశారన్నమాట. 1982లో హైన్జ్ వైరిచ్ ప్రతిపాదించిన టౌస్ మాత్రిక ఈ పనికే ఉద్దేశించినది: ఒక్కో అవకాశాన్ని, ముప్పును మన బలాలతోనూ బలహీనతలతోనూ జతపరచి, ఆ జత నుంచి ఏ పని వస్తుందో రాయాలి. ఏ జతలోనూ చేరని అంశాన్ని నిర్మొహమాటంగా తీసివేయాలి.

నమూనా పత్రం పాతది కావడం, గడుల వరుస మారడం, చర్చ నడిపినవారికి అనుభవం చాలకపోవడం వంటివి అరుదుగా తప్ప కారణాలు కావు. పైనున్నవన్నీ సరిచూసుకున్నాక తీరిక ఉంటే వాటి జోలికి వెళ్లవచ్చు.