ట్యాగులు తగ్గించాక తేటపడిన సైట్‌మ్యాప్

మా బాబాయి చీరల దుకాణం వర్డ్‌ప్రెస్ సైట్ ఈమధ్యే నా చేతికొచ్చింది. గూగుల్ వెతుకులాటలో సైట్ పరిస్థితి చూపే సెర్చ్ కన్సోల్ తెరిస్తే చాలా పేజీలు 'క్రాల్ అయ్యాయి, ఇండెక్స్ కాలేదు' వరసలోనే. అంటే గూగుల్ వాటిని చూసింది గానీ తన జాబితాలో చేర్చుకోలేదు. గద్వాల చీరలకు ఒక కేటగిరీ, 'గద్వాల్' అని ఒక ట్యాగు, 'గద్వాల పట్టు' అని ఇంకోటి. మూడింట్లోనూ అవే చీరలు! వర్డ్‌ప్రెస్ ప్రతి ట్యాగుకూ పేజీ పుట్టిస్తుంది, 5.5 వెర్షన్ నుంచి తనే సైట్‌మ్యాప్‌లోకీ (సెర్చ్ ఇంజన్లకు ఇచ్చే పేజీల జాబితా) ఎక్కిస్తుంది.

ఊరికొక కేటగిరీ ఉంచాను: గద్వాల, పోచంపల్లి, మంగళగిరి. రంగూ ధరా ఫిల్టర్లకు వదిలేశాను. పాత ట్యాగుల లింకులను 301 రీడైరెక్టుతో (శాశ్వత దారిమళ్లింపు) కేటగిరీలకు మళ్లించి, సైట్‌మ్యాప్‌లోంచి ట్యాగుల భాగాన్నే తీసేశాను. సైట్‌మ్యాప్‌లో ఏ పేజీ ఎంత ముఖ్యమో చెప్పే ప్రయారిటీ అంకెల జోలికి పోలేదు, గూగుల్ వాటిని ఎటూ పట్టించుకోదు. పేజీ చివరిసారి ఎప్పుడు మారిందో చెప్పే లాస్ట్‌మాడ్ తేదీ మాత్రం నిజమైనదైతేనే లెక్కలోకి తీసుకుంటుంది. గద్వాల పేజీ ఇండెక్స్ అయింది. పోచంపల్లిది ఇంకా కావాలి.