ముసురు పట్టకముందే ఇంటి చుట్టూ చేసుకోవాల్సిన పనులు

నైరుతి వానలు మన నెల్లూరు, ప్రకాశం తీరానికి తక్కువే. అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో, బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టినప్పుడల్లా వస్తుంది. ఈ వాన ఎక్కువగా ఉత్తరం, తూర్పు దిక్కుల నుంచి గాలితో కలిసి విసిరి కొడుతుంది. ముసురు పట్టిందంటే రోజుల తరబడి ఎండ ఉండదు, తడిసింది ఆరదు. సిమెంటు పనైనా, పూతైనా, ధాన్యం ఆరబెట్టడమైనా పొడి రోజుల్లోనే అయిపోవాలి. తుఫాను కబురు రేడియోలో విన్నాక మిద్దె ఎక్కితే చేయగలిగింది పట్ట కప్పడమొక్కటే. సెప్టెంబరు చివర్లో మొదలుపెట్టి దసరాకల్లా ముగించుకోవడం మంచిది.

ముందు మిద్దె. శుభ్రంగా ఊడ్చి తూముల దగ్గర పేరుకున్న వేపాకు, మట్టి తీసేయండి. తూము నోటికి చదునైన జల్లెడ పెడితే నాలుగు ఆకులకే మూసుకుపోతుంది. గంప బోర్లించినట్టు ఉబ్బెత్తుగా ఉండే తీగ వల పెడితే పక్కలనుంచి నీళ్లు పోతూనే ఉంటాయి. తూము గొట్టం గోడనుంచి కనీసం అడుగు బయటికి ఉండాలి. పొట్టిగా ఉంటే నీళ్లు గోడ వెంబడే కారి లోపలికి చెమ్మ దిగుతుంది.

ఎక్కడ కారుతోందో తేల్చుకోవడానికి తూములకు గుడ్డ, బంకమట్టి బిగించి, మిద్దె మీద రెండు అంగుళాల నీళ్లు ఒక రోజంతా నిలపండి. కింద కప్పు మీద తడి మచ్చ కనిపించిన చోట సుద్దతో గుర్తు పెట్టండి. చువ్వలు తుప్పుపట్టి పెచ్చులూడుతున్న పాత మిద్దె మీద మాత్రం ఈ పరీక్ష చేయకూడదు, అంత బరువు దానికి ప్రమాదం. ఇంకో సంగతి: పైన పగులు ఉన్నచోటే కింద కారాలని లేదు. నీళ్లు లోపల రెండు మూడు అడుగులు పాకి కిందికి దిగుతాయి. గుర్తు చుట్టూ, వాలుకు ఎగువన కూడా వెతకాలి.

సన్న పగుళ్లలో ఉత్త సిమెంటు పాలు పోయడం అందరూ చేసేదే, ఒక్క వానకాలం కూడా నిలవదు. ఎండకు మిద్దె సాగుతుంది, చలికి కుంచించుకుపోతుంది. బిరుసైన సిమెంటు దానితోపాటు సాగలేక అంచు విడిచేస్తుంది. పగులును ఉలితో పావు అంగుళం వెడల్పు, అంతే లోతు ఉండేలా పైన వెడల్పుగా, కింద సన్నగా తెరవండి. దుమ్ము బ్రష్షుతో తీసి కడిగి, బాగా ఆరాక, పెయింటు కొట్లో దొరికే సాగే గుణమున్న పగుళ్ల పేస్టును లప్పంబద్దతో అదిమి నింపండి. అది గట్టిపడ్డాక వాటర్‌ప్రూఫ్ పూత రెండుసార్లు వేయాలి. మొదటిది నిలువుగా వేస్తే, ఆరాక రెండోది అడ్డంగా.

ఎక్కువ ఇళ్లలో కారేది మధ్యలో కాదు, పిట్టగోడ మిద్దెను కలిసే మూలలో. ఆ మూలలో వదులైన పూతంతా చెక్కేసి కడగండి. ఒకపాలు సిమెంటుకు మూడుపాళ్లు జల్లించిన ఇసుక కలిపి, యాభై కిలోల బస్తా సిమెంటుకు 200 మిల్లీలీటర్ల లెక్కన వాటర్‌ప్రూఫ్ ద్రవం కలపండి. మూలలో రెండు అంగుళాల మందంతో, నీళ్లు నిలవకుండా జారేలా, గుండ్రటి వాలుగా మెత్తండి. వారం రోజులు తడుపుతూ ఉండాలి. తడపని సిమెంటు నెర్రెలిస్తుంది, చేసిన పని వృథా.

పెంకుటిల్లయితే పట్టపగలు లోపల నిలబడి పైకి చూస్తే చాలు, వెలుతురు పడే ప్రతి సందూ వాన పడే సందే. పైకెక్కేటప్పుడు పెంకుల నడుమ కాలు పెట్టొద్దు. వాసాల మీద బరువు పడేలా పలక వేసుకుని దాని మీద నడవాలి. రెండు వాలులు కలిసే కాలువలో ఆకు తీసేయండి.

ఉత్తరం, తూర్పు కిటికీల సన్‌షేడ్లను కింద నుంచి చూడండి. అంచుకు అంగుళం లోపల నీళ్లు తెగిపడేలా చిన్న గాడి ఉండాలి. లేకపోతే నీళ్లు అడుగునే పాకి గోడలోకి వస్తాయి. ఆ వరసలో సిమెంటుతో సన్న గట్టు కట్టినా పనిచేస్తుంది.

కరెంటు విషయంలో అజాగ్రత్త ప్రాణం మీదికి తెస్తుంది. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు ఇంట్లోకి పోయే గొట్టం నోరు కిందికి వంగి ఉండాలి. వైరు కూడా ఆ నోటికంటే దిగువకు కాస్త వేలాడి మళ్లీ పైకి ఎక్కాలి. అప్పుడు దాని వెంబడి జారే నీళ్లు ఆ వంపులో కారిపోతాయి, మీటరులోకి రావు. బట్టల దండేనికి ఇనుప తీగ వాడుతుంటే ఇవాళే తీసేసి నైలాన్ తాడు కట్టండి. సర్వీసు వైరు తొక్క చెదిరి ఆ తీగకు తగిలితే, తడి బట్ట ఆరేసే మనిషి ప్రాణానికే ముప్పు. కుళాయి పట్టుకున్నా, మోటారు ముట్టుకున్నా జివ్వుమంటే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎర్తు తీగ బోల్టు తుప్పుపట్టి ఊడిపోవడం ఇందుకు తరచుగా కనిపించే కారణం. కరెంటు లీకైతే తనంతట తానే పడిపోయి సరఫరా ఆపేసే స్విచ్చు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించి, నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. నొక్కినా పడకపోతే అది ఉన్నా లేనట్టే. వైరు తెగి నేలమీద పడితే దగ్గరికి పోకుండా 1912కు ఫోన్ చేయండి.

వాన నీళ్లు బావిలోకి దిగితే బ్లీచింగ్ వేయాల్సిందే. 2021 నవంబరులో పెన్నా పొంగినట్టు వరదే రానక్కర్లేదు, పెంటదిబ్బ మీదుగా వచ్చిన ఒక జల్లు చాలు. లెక్క తేలిక. బావి అడ్డం కొలత అడుగుల్లో తీసుకుని దాన్ని దానితోనే హెచ్చించండి, దాన్ని నీళ్ల లోతుతో హెచ్చించండి, వచ్చినదాన్ని 22తో హెచ్చిస్తే లీటర్లు. ఎనిమిది అడుగుల బావిలో పదిహేను అడుగుల నీళ్లుంటే సుమారు 21,000 లీటర్లు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున 53 గ్రాముల పొడి పడుతుంది. పొడిని నేరుగా బావిలో చల్లొద్దు, సున్నం అడుగుకు పోతుంది, మందు కలవదు. బకెట్లో కాసిని నీళ్లతో ముద్దగా కలిపి, ముప్పాతిక దాకా నీళ్లు పోసి కలియబెట్టి, పది నిమిషాలు తేరనివ్వండి. పైతేటను ఇంకో బకెట్లోకి వంచి, తాడుతో బావిలో నీటి లోపలికి దించి పైకీ కిందికీ ఆడించండి. కనీసం గంట ఆగాలి. రాత్రి వేసి పొద్దున తోడుకుంటే ఇంకా మేలు. నీళ్లు బురదగా ఉంటే ఈ మోతాదు పనిచేయదు, ముందు తోడిపోసి తేటపడనివ్వాలి. మూత సరిగా లేని పొడి చెమ్మకు సత్తువ పోగొట్టుకుంటుంది. ముక్కుకు ఘాటు తగలకపోతే కొత్తది తెచ్చుకోండి.

ఎండాకాలంలో వేసే రెండో పంట, ఎడగారు ధాన్యం ఇంకా ఇంట్లో ఉంటే నేలమీద బస్తా పెట్టొద్దు. జానెడు ఎత్తు చెక్కల మీద, గోడకు మూరెడు దూరంలో పేర్చండి. ఎండబెట్టిన ధాన్యాన్ని వేడిమీదే బస్తాకెత్తినా, పట్ట గట్టిగా కప్పినా లోపల చెమట పట్టి బూజు వస్తుంది. చల్లారాకే ఎత్తాలి.

వాగు మీది చప్టాపై నీళ్లు పారుతుంటే బండి దించొద్దు, కింద రోడ్డు కొట్టుకుపోయిందో లేదో పైకి తెలియదు. సైలెన్సరు మునిగి బండి ఆగిపోతే సెల్ఫ్ నొక్కొద్దు. ఇంజనులో చేరిన నీళ్లు అణగవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ప్లగ్గు విప్పి, కిక్కు నాలుగైదుసార్లు కొట్టి నీళ్లు బయటికి తీయండి. ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే మార్చకుండా స్టార్టు చేయొద్దు.

వానకు బొరియలు నిండి పాములు వసారాలోకి వస్తాయి. కట్టెలు, పాత పెంకులు గోడకు ఆనించి పేర్చొద్దు. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. కాటు దగ్గర నొప్పి, వాపు అంతగా ఉండవు కాబట్టి కరిచిన సంగతే తెలియకపోవచ్చు. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోవాలి. పొద్దున లేచేసరికి కనురెప్పలు వాలిపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా, మింగడం కష్టమైనా పాముకాటేమోనని అనుమానించి 108కి ఫోన్ చేయండి. కట్టు బిగించొద్దు, కోయొద్దు, మంత్రం పేరుతో పొద్దు గడపొద్దు. ఉంగరాలు, మెట్టెలు, పట్టీలు వాపు రాకముందే తీసేయండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్దకు వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని, విషానికి విరుగుడు మందు ఉన్న ప్రభుత్వాసుపత్రికి చేర్చండి. ఆ మందు మీకు దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఉందో ఇప్పుడే అడిగి తెలుసుకోండి.