వెనిస్ వెళ్తున్నారా? మెస్త్రేలో దిగిపోకండి

శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉంటుందని మనకి తెలుసు. కొత్తవాళ్లే తికమకపడతారు. వెనిస్‌లోనూ అంతే. పిల్లల దగ్గరికి యూరప్ వెళ్లి, అక్కణ్నుంచి రైల్లో వెనిస్ చూడబోయేవాళ్లు ‘వెనెజియా మెస్త్రే’ బోర్డు కనబడగానే దిగేయకండి, అది ఒడ్డునున్న ఊరు. సముద్రపు నీటి మీది పొడవాటి వంతెన దాటాక వచ్చే ఆఖరి స్టేషన్ సాంతా లూచియా. మెట్లు దిగితే ఎదురుగా పెద్ద కాలువే! కొన్ని రైళ్లు మెస్త్రే నుంచే పక్కకి మళ్లిపోతాయి, అప్పుడు అక్కడ మారాలి.

ఊళ్లో ఆటోలు, కార్లు ఉండవు. నీటి బస్సు 1వ నంబరు ప్రతి రేవులో ఆగుతూ ఊరి ప్రధాన కూడలి సాన్ మార్కో దాకా పోతుంది. ఎక్కేముందు టికెట్‌ని రేవులోని మిషన్‌కి తాకించాలి. తాకించకపోతే, కొన్న టికెట్ చేతిలో ఉన్నా జరిమానాయే.

అసలు చిక్కు అడ్రసుతో. ఇంటి నంబర్లు వీధివారీగా కాదు, పేటవారీగా ఉంటాయి. ఆరు పేటలు, ఒక్కోదాంట్లో నంబర్లు వేలల్లోకి పోతాయి. ఒకే నంబరు రెండు మూడు పేటల్లో ఉంటుంది. అందుకే బస ఇచ్చేవాళ్లని ముందే రెండు అడగండి: దగ్గరి రేవు పేరేంటి, అక్కణ్నుంచి ఎన్ని వంతెనలు ఎక్కి దిగాలి? వంతెనలన్నిటికీ దాదాపు మెట్లే. ఒంటిచేత్తో ఎత్తగలిగిన పెట్టె చాలు.